షిచి-గో-సాన్‌కు మన పిల్లలను తీసుకెళ్లవచ్చా? వెళ్తే ఏం చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. మీరు టోక్యోలో నిషి-కసాయి దగ్గర ఉంటున్నారు. పాపకు సెప్టెంబరులో మూడేళ్లు నిండాయి. బాబుకు వచ్చే జనవరిలో అయిదు నిండుతాయి. పిల్లలను పగటిపూట చూసుకునే హోయికుఎన్‌లో టీచరు "ఈ ఏడు షిచి-గో-సాన్ చేస్తున్నారా?" అని అడిగారు. అది చేసి తీరాలా, మనలాంటివాళ్లు చేయవచ్చా, ఇద్దరికీ కలిపి కానివ్వచ్చా, ఎంత ఖర్చవుతుంది అన్నవి మీ సందేహాలు. విజయవాడలో ఉన్న మీ అమ్మగారికి ఇంకొకటి ఉంది: "ఆ రోజు నక్షత్రం ఏమిటో చూశారా?"

ముందు సూటిగా చెబుతాను. చేసి తీరాలని ఎక్కడా లేదు. చేయాలనిపిస్తే నిక్షేపంగా చేయవచ్చు, మీ మతం ఏమిటని ఎవరూ అడగరు. ఈ ఏడాదే ఇద్దరికీ కలిపి చేయవచ్చు. నవంబరు 15నే వెళ్లాలన్న పట్టింపు ఇప్పుడు జపాన్‌వాళ్లకే లేదు. నా మాటల్లో ఒక్కటే గుర్తుపెట్టుకోవాలనుకుంటే ఇది పెట్టుకోండి: ఫొటోలకు ఒక రోజు, గుడికి మరో రోజు పెట్టుకోండి. రెండూ ఒకే రోజు పెట్టుకున్నవాళ్లలో పిల్లలు ఏడవకుండా ఇల్లు చేరిన కుటుంబాలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

నేను ఈ దేశం వచ్చి 19 ఏళ్లు. ఊసుపోక కిత్సుకే, అంటే కిమోనో కట్టే విద్య, మా పేటలోని ఒక పెద్దావిడ దగ్గర నేర్చుకున్నాను. ఆ తర్వాత ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో తెలిసినవాళ్ల పిల్లలకు కట్టిపెడుతూ వచ్చాను. మొదట్లో జపాన్ పిల్లలు, తర్వాత మనవాళ్ల పిల్లలు. కాబట్టి కింద చెప్పేదాంట్లో సగం చదివి తెలుసుకున్నది, సగం పిల్లల వెంట పరుగెత్తి తెలుసుకున్నది.

అసలు ఇది ఏ పండుగ?

షిచి అంటే ఏడు, గో అంటే అయిదు, సాన్ అంటే మూడు. మూడేళ్ల పిల్లలు, అయిదేళ్ల మగపిల్లలు, ఏడేళ్ల ఆడపిల్లలు ఇంతవరకు క్షేమంగా పెరిగినందుకు దేవుడికి కృతజ్ఞత చెప్పి, ఇకముందూ చల్లగా చూడమని కోరుకోవడం. మార్చి 3న బొమ్మలు పేర్చే హినమత్సురి వేరు, మే 5న గుడ్డ చేపలను ఎగరేసే బాలల దినం వేరు. మే 5న సెలవు ఇస్తారు, దీనికి ఇవ్వరు. అందుకే అందరూ శని, ఆదివారాల్లో వెళ్తారు.

నిజానికి ఇవి మూడు వేర్వేరు వేడుకలు. రాజాస్థానంలో, ఆ తర్వాత సమురాయ్ ఇళ్లలో జరిగేవి. ఎదో కాలానికి, అంటే 1603-1868 మధ్య షోగన్ అనే సైనిక పాలకులు ఏలిన రోజులకు, వ్యాపారుల ఇళ్లకు, అక్కడి నుంచి అందరికీ పాకి, ఒకే పేరు కింద చేరాయి.

మూడో ఏటిది కమిఒకి. ఇది వినగానే మన తెలుగువాళ్ల చెవులు నిక్కబొడుచుకుంటాయి. ఆ రోజుల్లో పసిపిల్లలకు గుండు గీసి ఉంచేవారు. మూడో ఏట ఆ గుండు ఆపి జుట్టు పెంచడం మొదలుపెట్టే ముహూర్తమే కమిఒకి. మనం మూడో ఏటో అయిదో ఏటో పుట్టువెంట్రుకలు తీయిస్తాం, వీళ్లు ఆ వయసుకు తీయడం మానేవారు. బేసి సంవత్సరం అన్న పట్టింపు మాత్రం ఇద్దరికీ ఉంది. ఆ వేడుకలో పాపాయి తల మీద తెల్లని దూదితో చేసిన జుట్టు పెట్టేవారు. తల నెరిసేదాకా బతకాలని దీవెన.

అయిదో ఏటిది హకామాగి. మగపిల్లవాడు మొదటిసారి హకామా, అంటే కుచ్చిళ్లున్న వెడల్పాటి లాగు లాంటి వస్త్రం, తొడుక్కునే రోజు. పిల్లవాడిని గో అనే రాళ్ల ఆట (అయిదు కాదు, ఆట పేరే అది) పలక మీద నిలబెట్టి హకామా తొడిగేవారు. ఆ పలక మనకు తెలిసిన చదరంగం అట్టలా పలచగా ఉండదు, కాళ్లున్న పీటంత ఎత్తు ఉంటుంది. రాజకుటుంబంలో ఇది ఇప్పటికీ జరుగుతుంది. 2011 నవంబరులో రాకుమారుడు హిసహితోకు అయిదేళ్లప్పుడు ఈ వేడుక చేశారు. ఆ పిల్లవాడు పలక మీద నుంచి రెండు కాళ్లతో కిందికి దూకడం ఇక్కడ టీవీలన్నీ చూపించాయి. ఆ ఏడాది మా వీధిలో అయిదేళ్లవాళ్లందరూ సోఫాల మీద నుంచి దూకారు.

ఏడో ఏటిది ఒబితోకి. అప్పటిదాకా కిమోనోకు కుట్టి ఉన్న తాళ్లతో ముడివేసుకున్న ఆడపిల్ల, ఆ తాళ్లు తీసేసి పెద్దవాళ్లలా ఒబి, అంటే వెడల్పాటి నడికట్టు, కట్టుకునే రోజు. మన ఇళ్లలో లంగా ఓణీ వేసే వేడుక గుర్తొస్తుంది కానీ ఆ రెండూ ఒకటి కావు. దీనికి ఈడుతో సంబంధం లేదు, వయసు లెక్క అంతే.

ఇప్పుడు మీ అమ్మగారి ప్రశ్నకు వస్తాను. నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న అదే.

నవంబరు 15 ఎందుకు అంటే వీళ్లు చెప్పే కథ ఒకటి ఉంది. తొకుగావా వంశంలో అయిదో షోగన్ త్సునయోషి తన కొడుకు తొకుమత్సుకు 1681లో పదకొండో నెల 15వ రోజున ఈ వేడుక చేశాడని, అప్పటి నుంచి ఆ రోజు స్థిరపడిందని అంటారు. మరి ఆయన ఆ రోజునే ఎందుకు ఎంచుకున్నాడు? పాత పంచాంగం ప్రకారం అది కిషుకు అనే నక్షత్రం రోజు. ఆ పేరును అక్షరాలా చదివితే 'ఒని', అంటే రాక్షసులు, బస చేసే చోటు అని అర్థం. రాక్షసులు బయట తిరగకుండా ఇంట్లోనే ఉండిపోతారు కాబట్టి శుభకార్యాలకు అడ్డు రారట. బుద్ధుడు పుట్టిన నక్షత్రం కూడా ఇదేనని నమ్మకం.

ఈ నక్షత్రాల లెక్క ఎక్కడిదో తెలుసా? మనదే. భారతదేశం నుంచి బౌద్ధం వెంట చైనాకు వెళ్లింది. అక్కడ అమోఘవజ్రుడనే బౌద్ధ ఆచార్యుడు దాన్ని చైనా భాషలో పెట్టాడు. 806లో చైనా నుంచి తిరిగివచ్చిన కూకాయ్ అనే సన్యాసి ఆ గ్రంథాన్ని జపాన్‌కు తెచ్చాడు. ఆ లెక్కలో కిషుకు అంటే మన పుష్యమి. మీ అమ్మగారికి ఫోను చేసి "పుష్యమి అమ్మా" అని చెప్పి చూడండి. మా అత్తగారికి నేను ఇదే చెప్పాను. అంతవరకు "ఎవరో దేవుడు, ఏదో పండుగ" అన్న మనిషి, ఆ వాక్యంతో "అలా అయితే సరే, వెళ్లండి" అన్నారు.

అయితే ఒక మెలిక ఉంది, దాచిపెట్టడం న్యాయం కాదు. 1873 జనవరి 1 నుంచి జపాన్ చాంద్రమానం వదిలి ఇప్పటి క్యాలెండరుకు మారింది. పండుగను మాత్రం కొత్త క్యాలెండరులోనూ పదకొండో నెల పదిహేనునే ఉంచేశారు. అంటే ఇప్పటి నవంబరు 15న పుష్యమి ఉండాలని లేదు. ముహూర్తం పోయింది, తేదీ మిగిలింది. కాబట్టి అక్టోబరు మొదలు నవంబరు చివరిదాకా మీకు వీలైన రోజు వెళ్లండి. హొక్కైదోలో చలికి ముందే అయిపోవాలని అక్టోబరు 15న చేసుకుంటారు. ఇక్కడివాళ్లకూ మంచిరోజు చెడ్డరోజు చూసే రొకుయో అనే లెక్క ఉంది, అందులో అన్నిటికన్నా మంచిదైన తాయ్‌అన్ రోజు గుడి కిటకిటలాడుతుంది. పిల్లలతో వెళ్తున్నారు కాబట్టి తాయ్‌అన్ కాని రోజే మీకు మంచి రోజు అని నా సలహా. మీ అమ్మగారు పంచాంగం చూసి పుష్యమి ఉన్న రోజు చెబితే ఇంకా మంచిది. ఇక్కడివాళ్లు మరిచిపోయిన ముహూర్తానికి మీరు వెళ్లినట్లవుతుంది.

ఆ తొకుమత్సు సంగతి. వేడుక నాటికి వాళ్ల లెక్కలో మూడో ఏడు. 1683లో, అయిదో ఏట, పోయాడు. దేశాన్ని ఏలే షోగన్ కొడుకు! ఏడేళ్లు వచ్చేదాకా పిల్లలు దేవుడి సొత్తు అని ఇక్కడ ఒక మాట ఉంది. ఎప్పుడు తిరిగి తీసుకుంటాడో తెలియదన్నమాట. ఈ పండుగను ఫొటో స్టూడియోల వ్యాపారం అని కొట్టిపారేసేవాళ్లతో నేను సగమే ఏకీభవించడానికి కారణం ఇదే.

వయసు లెక్క

మీ బాబుకు అయిదు నిండలేదు కదా అన్నారు. నిండక్కర్లేదు. పాత లెక్కను కజోఎ-దోషి అంటారు. పుట్టగానే ఒకటి, ఆపైన ప్రతి కొత్త సంవత్సరానికీ ఒకటి. మన పెద్దవాళ్లు "అయిదో ఏడు నడుస్తోంది" అన్నట్లే. 1950 నుంచి చట్టం నిండిన ఏళ్లతోనే వయసు చెప్పమంటోంది కానీ ఈ పండుగలో రెండు లెక్కలూ నడుస్తున్నాయి. ఆ ప్రకారం మీ బాబుకు ఈ ఏడాది కజోఎలో అయిదు, పాపకు నిండినవి మూడు. ఒకరికి ఒక లెక్క, ఇంకొకరికి ఇంకో లెక్క పెట్టి ఇద్దరికీ ఒకేసారి కానిచ్చేయడం ఇక్కడ సర్వసాధారణం. గుడిలో ఎవరూ జనన ధ్రువపత్రం అడగరు.

నిండిన మూడు పెట్టుకోమని ఆడపిల్లల తల్లులకు నేను ఎప్పుడూ చెబుతాను. రెండేళ్ల పిల్లకు కిమోనో తొడిగి అరగంట నిలబెట్టడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ పాప ఆ గండం దాటింది.

బట్టలు

మూడేళ్ల పాపకు కిమోనో మీద హిఫు అనే చేతుల్లేని పైకోటు వేస్తారు. నడుముకు గట్టి ఒబి ఉండదు, మెత్తని పట్టీ చాలు, అది కూడా హిఫు కింద దాగిపోతుంది. ఈ ఏర్పాటు ఎవరు కనిపెట్టారో గానీ వారికి దండం పెట్టాలి. ఏడేళ్ల పాపకు మాత్రం ఒబి, దాని మీద తాడు, గుండెల దగ్గర హకొసెకో అనే చిన్న అలంకారపు సంచి, విసనకర్ర, అన్నీ ఉంటాయి. అది నాలుగేళ్ల తర్వాతి మాట, ఇప్పుడు దాని గురించి కంగారు పడకండి. అయిదేళ్ల బాబుకు కిమోనో, హకామా, పైన హఒరి అనే పొట్టి కోటు, నడుము దగ్గర దోపుకునే చిన్న బాకు ఉంటాయి. అది ఉత్తుత్తి బాకే, కానీ తన దగ్గర బాకు ఉందని తెలిసిన అయిదేళ్లవాడు ఉత్తుత్తి పిల్లవాడు కాడు. గుడి దాకా అది మీ సంచిలోనే ఉంచండి.

కొనకండి, అద్దెకు తెచ్చుకోండి. అంతర్జాలంలో మొత్తం సెట్టు, లోపలి బట్టల నుంచి చెప్పుల దాకా, అద్దెకు ఇస్తారు. పండుగకు ఒకటి రెండు రోజుల ముందు ఇంటికి వస్తుంది, ఉతక్కుండానే అదే పెట్టెలో తిప్పి పంపేయవచ్చు. మామూలు రకం 10,000 యెన్‌ల లోపే దొరకడం చూశాను. స్టూడియో అయితే వాళ్లే కట్టి, జుట్టు వేసి, ఫొటోలు తీస్తారు.

ఇంట్లో మీరే కట్టే పనైతే ఒక్క విషయంలో తప్పు జరగకూడదు. ఎడమ అంచు పైకి రావాలి. పిల్ల తన కుడిచేతిని మెడ దగ్గర అంచులోకి సులువుగా దూర్చగలిగితే సరిగ్గా ఉన్నట్లు. కుడి అంచు పైకి కట్టేది శవానికి మాత్రమే. ఒకసారి ఒక తెలుగు అమ్మాయి తన పాపకు చక్కగా, సరిగ్గానే కట్టి, ఫోను ముందు కెమెరాతో సెల్ఫీ తీసి పక్కింటి జపాన్ ఆవిడకు పంపింది. ఆవిడ హడావిడిగా పరుగెత్తుకొచ్చింది. చూస్తే తప్పు కట్టులో లేదు, ఆ కెమెరా బొమ్మను అద్దంలోలా తిప్పేసింది. కాబట్టి సెల్ఫీలు పంపేముందు చూసుకోండి.

ఇంకో జాగ్రత్త, ఇది మనవాళ్లకే ప్రత్యేకం. ఒక కుటుంబం ఆగస్టులో సెలవులకు ఇండియా వెళ్లి తిరుమల కళ్యాణకట్టలో పాపకు పుట్టువెంట్రుకలు ఇప్పించి వచ్చింది. నవంబరుకు ఫొటోలు. పూల కంజాషి గుచ్చడానికి జుట్టే లేదు. స్టూడియో అమ్మాయి నా వంక, నేను పాప తల వంక చూసుకున్నాం. చివరికి పట్టు రిబ్బను కట్టి నడిపించాం. మూడు వందల ఏళ్ల కిందటి కమిఒకి ప్రకారం చూస్తే ఆ ఏడాది గుడికి వచ్చిన పిల్లలందరిలోకీ శాస్త్రోక్తంగా వచ్చింది ఆ పాపే అని వాళ్ల నాన్నగారికి చెబితే ఆయన నవ్వలేదు. మీకు మొక్కు బాకీ ఉంటే పండుగ అయ్యాక తీర్చుకోండి.

కిమోనోయే వేయాలా? అక్కర్లేదు. జపాన్ పిల్లలు చాలామంది గౌనుల్లో, కోటుల్లో వస్తారు. నేను చూసినవాటిలో అందరికన్నా ముద్దుగా ఉన్నది ఆకుపచ్చ పట్టు పావడాలో వచ్చిన ఒక మూడేళ్లది. వరసలో నిలబడ్డ ఒక ముసలమ్మ ఆ జరీ అంచును పట్టుకుని వదల్లేదు. పావడా, పంచె వేసుకుని ఉచ్చ ఆపుకోకుండా పరుగెత్తవచ్చు కూడా. నవ్వకండి, హకామాలో ఉన్న అయిదేళ్లవాడిని మరుగుదొడ్డికి తీసుకెళ్లే పని మీకింకా తెలియదు. చేతుల బారు గుడ్డ తడవకుండా ఆ గుడ్డను రెండు వైపులా వెనక్కి మడిచి బట్టల క్లిప్పుతో బిగించాలి. రెండు క్లిప్పులు సంచిలో వేసుకోండి.

చెప్పులు! మా అమ్మాయి ఏడో ఏట నేను చేసిన తప్పు ఇది. పొద్దున ఏడింటికి జుట్టు, తొమ్మిదింటికి ఫొటోలు, పదకొండింటికి గుడి, ఒంటిగంటకు భోజనం అని రైలు పట్టికలా వేశాను. పదిన్నరకే జోరి చెప్పుల పట్టీ వేళ్ల మధ్య ఒరుసుకుని తోలు లేచిపోయింది. గుడి మెట్లు మా ఆయన వీపు మీద ఎక్కింది. ఆ రోజు గుడిలో తీసిన ఫొటోల్లో అది ఒక్కదాంట్లోనూ నవ్వలేదు. ఇప్పుడు దానికి ఇరవై దాటాయి, ఆ ఆల్బం నాకు చూపించి నవ్వుతుంది. మామూలు బూట్లు సంచిలో పెట్టుకోండి, మొక్కేటప్పుడు, ఫొటోకు మాత్రం జోరి వేయండి.

గుడిలో

ఏ గుడికి వెళ్లాలి అంటే, మీ పేటలో ఉన్న చిన్న జింజా, అంటే జపాన్ సొంత మతమైన షింతో గుడి, చాలు. ప్రతి పేటకూ ఒక ఉజిగామి, అంటే ఆ చోటును కాపాడే దేవుడు, ఉంటాడు. మనకు గ్రామదేవత ఎలాగో అలాగ. పిల్లలు పెరుగుతున్నది ఆ దేవుడి పొలిమేరలోనే. మెయిజి జింగు, కందా మ్యోజిన్, హిఎ జింజా పెద్దవి, అందమైనవి, నవంబరు ఆదివారాల్లో తిరునాళ్లే. బౌద్ధ ఆలయాలకూ వెళ్లవచ్చు. కవాసకి దైషి, నరితసాన్ లాంటి చోట్ల గొమా చేస్తారు. అదీ మన హోమమే, పేరుతో సహా.

రెండు పద్ధతులున్నాయి. ఊరికే వెళ్లి దణ్ణం పెట్టుకుని రావచ్చు, పైసా ఖర్చు లేదు. లేదా లోపల కూర్చుని పూజారి చేత ప్రార్థన చేయించుకోవచ్చు. దీనికి ఇచ్చే సొమ్మును హత్సుహో-ర్యో అంటారు, అక్షరాలా తొలి వరికంకి సొమ్ము. పంటలో మొదటి కంకులు దేవుడికి ఇచ్చేవారు, ఇప్పుడు నోట్లు. సాధారణంగా ఒక్కో పిల్లకు 5,000 నుంచి 10,000 యెన్‌లు. చాలా గుళ్లు తమ వెబ్‌సైటులోనే రాసిపెడతాయి. కొంబిని అనే చిన్న దుకాణాల్లో దొరికే ఎరుపు తెలుపు తాడు కవరులో పెట్టి, పైన పిల్లల పేరు రాయండి. తాడు ముడి సీతాకోకచిలుక ఆకారంలో, లాగితే ఊడేదై ఉండాలి. ఊడని ముడి కవరు పెళ్లిళ్లకు, మళ్లీ మళ్లీ జరగకూడని వాటికి. పిల్లల శుభాలు ఎన్నిసార్లైనా రావాలి కదా.

లోపల పావుగంట, ఇరవై నిమిషాల పని. బయట నీళ్ల తొట్టి దగ్గర ముందు ఎడమ చేయి, తర్వాత కుడి చేయి కడిగి నోరు పుక్కిలిస్తారు. లోపల పూజారి తెల్ల కాగితపు కుచ్చులున్న కర్రను తలల మీదుగా ఊపి దోషం తీస్తాడు, తర్వాత నొరితో అనే ప్రార్థన పాత భాషలో చదువుతాడు. అందులో మీ ఊరి పేరు, పిల్లల పేర్లు వస్తాయి. మన అర్చన గోత్రనామాల్లాగే, గోత్రం బదులు చిరునామా! ఆకుపచ్చని సకాకి కొమ్మ చేతికిస్తే దేవుడి వైపు కాడ తిప్పి పెట్టి, రెండుసార్లు వంగి, రెండు చప్పట్లు కొట్టి, మరోసారి వంగాలి. పిల్లలకు చప్పట్ల భాగం బాగా నచ్చుతుంది, రెండుతో ఆపడం మీ పని. ప్రార్థన జరిగే చోట చాలా గుళ్లలో ఫొటోలు తీయనివ్వరు. బయటి నుంచి ఫొటోగ్రాఫరును తెచ్చుకునేటట్లయితే ముందే అడగండి.

తీపి పుల్ల

పిల్లలకు ఈ పండుగంటే చితోసె-అమె, వెయ్యేళ్ల మిఠాయి. ఎరుపు, తెలుపు రంగుల్లో సన్నగా, పొడుగ్గా ఉండే పుల్లలు. ఆయుష్షు అంత సాగాలని. ఎదో కాలంలో అసకుసా దగ్గర ఒక మిఠాయివాడు వీటిని మొదట అమ్మాడని చెబుతారు. కొంగ, తాబేలు బొమ్మలున్న పొడుగు సంచిలో ఇస్తారు. రెండూ దీర్ఘాయుష్షుకు గుర్తులు. ప్రార్థన చేయించుకుంటే చాలా గుళ్లు దీన్ని తాయెత్తుతో పాటు ఇచ్చి పంపుతాయి. చక్కెర, పిండి పాకంతో చేస్తారు, కొన్నిటిలో పాలపొడి ఉంటుంది. శాకాహారులైతే సంచి వెనక రాసింది ఒకసారి చదవండి. ఆ పుల్లను నోట్లో పెట్టుకుని పరుగెత్తనివ్వకండి, ఇంటికి వెళ్లాక ముక్కలు చేసి ఇవ్వండి. విరిస్తే ఆయుష్షు తగ్గుతుందేమో అని అడిగిన తల్లులున్నారు. నేను విరిచి పెట్టిన పిల్లలందరూ శుభ్రంగా పెరిగారు.

భోజనానికి ఇక్కడి ఆనవాయితీ సెకిహాన్, అంటే ఎర్ర అజుకి గింజలతో ఉడికించిన జిగురు బియ్యం, పైన నువ్వులు, ఉప్పు. ఇది శాకాహారమే, సూపరుబజారులో సిద్ధంగా దొరుకుతుంది. పెద్ద హోటల్లో పండుగ భోజనం మాట్లాడుకుంటే మాత్రం చారులో, కూరల్లో చేప రసం ఉంటుందని అనుకోండి. అడిగినా ఒక్కోసారి "కూరగాయలే" అంటారు, చేప రసం వాళ్ల లెక్కలో చేప కాదు.

ఖర్చు, స్టూడియో

గుడి ఖర్చు పైన చెప్పాను. బరువంతా స్టూడియోదే. ఒక చోట ఫొటో తీసే రుసుము చాలా తక్కువ అని రాసి ఉంటే సంబరంగా వెళ్లాం. తీసినవి ఎనభై, ఒక్కో ఫొటోకు విడిగా ధర. మీ పిల్లల ఎనభై ఫొటోలు తెర మీద ఒక్కొక్కటిగా వేసి "ఏది వద్దంటారు?" అని అడిగితే ఏ తల్లి మాత్రం వద్దంటుంది? బయటికొచ్చేసరికి 60,000 యెన్‌లు దాటింది. వెళ్లేముందే ఎన్ని ఫొటోలు, డేటాతో కలిపి ఎంత అని అడిగి, ఒక అంకె అనుకుని, ఆ అంకెకు కట్టుబడే మనిషిని వెంట తీసుకెళ్లండి. మా ఇంట్లో ఆ మనిషి నేను కాదని తేలింది.

వసంతం నుంచి సెప్టెంబరు దాకా తీసేవాటిని మఎదోరి, ముందు ఫొటోలు, అంటారు, ధర తక్కువ. మీకు ఆ కాలం దాటింది. డిసెంబరు తర్వాత అతోదోరి, తర్వాతి ఫొటోలు, ఉంటాయి. నేనైతే మీ స్థానంలో ఇలా చేస్తాను: నవంబరులో పని దినం ఒక రోజు సెలవు పెట్టి, పొద్దున పదింటికి మీ పేట జింజాకు, పిల్లలు వాళ్లకు హాయిగా ఉండే బట్టల్లో. కిమోనోల ఫొటోలు జనవరిలో, స్టూడియో ఖాళీగా ఉన్నప్పుడు. అప్పటికి మీ బాబుకు అయిదు నిండుతాయి కూడా.

మీరు వచ్చే ఏడు క్యోతో వైపు మారే అవకాశం ఉందన్నారు. అక్కడ ఇంకొకటి కాచుకుని ఉంది: జూసాన్-మాయిరి. పదమూడో ఏట ఏప్రిల్ 13 ప్రాంతంలో అరషియామాలోని హోరిన్-జి ఆలయానికి వెళ్లి, కొకూజో బోధిసత్వుడిని జ్ఞానం అడుగుతారు. తిరిగి వస్తూ తొగెత్సుక్యో వంతెన దాటేదాకా వెనక్కి చూస్తే వచ్చిన జ్ఞానం వెళ్లిపోతుందట. మీకు ఇంకా చాలా ఏళ్లుంది.

చివరగా, గుడికి ఈ వారమే ఫోను చేయండి. కొన్ని చోట్ల ముందుగా సమయం తీసుకోవాలి, కొన్ని చోట్ల నేరుగా వెళ్లి రాయించుకోవచ్చు. పేర్లు రాసే కాగితంలో కతకానాను, అంటే పరాయి పేర్లు రాసే జపాన్ లిపిని, మీరే నింపండి, వాళ్ల చెవికి వదిలేయకండి. మన వ వాళ్ల నోట బ అవుతుంది, ల, ళ రెండూ ర అవుతాయి. బారసాలనాడు బియ్యంలో రాసిన పేరు పూజారి నోట ఎలా రావాలని మీకుందో ఇంట్లో ఇద్దరూ పైకి చదువుకుని, దానికి దగ్గరగా వచ్చే అక్షరాలు రాసివ్వండి. బాబు ఎత్తు ఎంతో ఇక్కడ రాస్తే హకామా ఏ కొలతది తెప్పించుకోవాలో చెబుతాను.